జిడ్డు మాడుకు ‘ఆయిల్ కంట్రోల్ కిట్’ కొంటున్నారా? ‘డిటాక్స్ దశ’ అనే మాట వినబడితే జాగ్రత్త

తలలో జిడ్డు తగ్గిస్తామంటూ మూడు సీసాల కిట్లు ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఎటు చూసినా కనిపిస్తున్నాయి. ఒక షాంపూ, మాడుకు రుద్దే స్క్రబ్, కడగకుండా అలాగే వదిలేసే టానిక్. అలాంటిదొకటి తెప్పించి వాడాను. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్లు అమ్మే పద్ధతి తెలియడం ముఖ్యం, ఎందుకంటే అదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ప్రకటన అరచేతిలో వైకుంఠం చూపిస్తుంది. నూనె గ్రంథులను ‘రీసెట్’ చేస్తుందట, కొన్నాళ్లకు వారానికి ఒక్క తలస్నానం సరిపోతుందట. మొదట్లో బాగానే అనిపిస్తుంది కూడా. టానిక్ రాయగానే మాడంతా చల్లగా జివ్వుమంటుంది, షాంపూ తర్వాత జుట్టును వేళ్లతో లాగితే కీచుమంటుంది. కింద ఉన్న ఐదు చుక్కల రివ్యూలన్నీ ఈ చల్లదనం గురించే. పార్సిల్ అందిన వారంలోపే రివ్యూ రాస్తే డిస్కౌంట్ కూపన్ ఇస్తారు మరి! దురద మొదలయ్యేది ఆ తర్వాత.

నాకు ముందు చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట దురద పెట్టింది. తర్వాత అక్కడే చర్మం ఎర్రబడి పొట్టు లేచింది. ఆ పొట్టు మామూలుగా భుజాల మీద రాలే తెల్లటి పొడి పొట్టు కాదు. పసుపు రంగులో, జిడ్డుగా, వేళ్ల మధ్య నలిపితే పొడి కాకుండా అంటుకునే రకం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

కస్టమర్ కేర్‌కు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: “కంగారు పడకండి మేడమ్, ఇది డిటాక్స్ దశ. లోపల పేరుకున్నదంతా బయటికొస్తోంది. ఆరు వారాలు ఓపిక పట్టండి, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.” వాళ్ల రిటర్న్ గడువు రెండు వారాలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ ఓపిక ఎవరి కోసమో మీకే తెలుస్తుంది.

షాంపూకు డిటాక్స్ దశ అంటూ ఏమీ ఉండదు. మొటిమలకు ముఖం మీద రెటినాయిడ్ మందులు మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లు మొటిమలు ఎక్కువైనట్టు కనిపించడం ఉంది, దానికో కారణమూ ఉంది. ఆ మాటను తీసుకొచ్చి తలకు అంటగట్టారు. మాడు ఎర్రబడి, మండి, పొట్టు లేస్తోందంటే రాసినది పడటం లేదనో, మాడుకే ఏదో జబ్బు ఉందనో అర్థం. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట! చాట్‌లో ఉన్న మనిషికి నా మాడు మీద పెత్తనం ఇవ్వడం ఇష్టంలేక స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

తేలింది రెండు విషయాలు. ఒకటి, నాకున్నది ఉత్త జిడ్డు కాదు, సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి. మలసీజియా అనే ఫంగస్ అందరి మాడు మీదా ఉంటుంది, మన నూనే దాని ఆహారం. ఆ నూనెను అది విడగొట్టినప్పుడు తయారయ్యే ఆమ్లాలు కొందరికి పడవు. అప్పుడు లేచేదే ఆ పసుపు జిడ్డు పొట్టు. రెండోది, దానికి తోడు అలర్జీ. ప్యాచ్ టెస్ట్‌లో వీపు మీద రకరకాల పదార్థాల చిన్న చిన్న పట్టీలు వరసగా అంటించారు. 48 గంటలకు తీసి చూశారు, 96 గంటలకు మళ్లీ చూశారు. ఒక్క గడి మాత్రం ఎర్రగా పొంగి ఉంది. అది మిథైల్‌ఐసోథియాజోలినోన్, సరుకు పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్.

ఇదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దీన్నే ‘ఆ ఏటి అలర్జెన్’గా ప్రకటించింది. కడగకుండా వదిలేసే సౌందర్య సాధనాల్లో దీన్ని యూరోపియన్ యూనియన్ పూర్తిగా నిషేధించింది. కడిగేసే షాంపూల్లాంటి వాటిలో 0.0015 శాతానికి మించకూడదంది. నా కిట్‌లో అది ఉన్నది రోజంతా తల మీదే ఉండే టానిక్‌లో.

ఆ సీసా వెనక చీటీని లైటు కింద పెట్టి చదివితే నీళ్ల తర్వాత రెండో పేరే డీనేచర్డ్ ఆల్కహాల్. ఇంకాస్త కిందికి మెంథాల్, పరిమళం. ముందువైపు పెద్ద ఆకు బొమ్మ వేసి గొప్పగా చెప్పుకున్న టీ ట్రీ ఆయిల్ పరిమళం కన్నా కింద. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, ఒక శాతం లోపువి మాత్రం ఏ వరసలోనైనా ఉండొచ్చు. కాబట్టి పరిమళానికి అటూ ఇటూ కనిపించే మూలికల మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. అమ్మకం పేజీలో ఈ చీటీ ఫొటో లేదు. అసలు కొనకుండా వెనక్కి రావడానికి ఆ ఒక్క కారణం చాలని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇక ఆ జివ్వుమనే చల్లదనం సంగతి. చర్మంలో చలిని గుర్తించే నరాలను మెంథాల్ తట్టి లేపుతుంది. అంతే, జిడ్డుకూ దానికీ సంబంధం లేదు. కీచుమనడం కూడా నూనె మొత్తం ఊడ్చుకుపోయిందనడానికే గుర్తు, మాడు బాగుందనడానికి కాదు. గ్రంథులు ఎంత నూనె వదలాలన్నది ముఖ్యంగా ఆండ్రోజెన్ హార్మోన్ల చేతిలో ఉంటుంది, యుక్తవయసులో జిడ్డు పెరిగేది అందుకే. పైన రాసి కడిగేసే ఏ షాంపూ వాటిని రీసెట్ చేయలేదు. వచ్చిన నూనెను ఎప్పటికప్పుడు కడిగేయడమే దాని పని. జిడ్డు తల ఉన్నవాళ్లు మైల్డ్ షాంపూతో రోజు విడిచి రోజు, అవసరమైతే రోజూ కడుక్కోవచ్చు. తక్కువగా కడిగితే గ్రంథులు ‘అలవాటు పడి’ నూనె తగ్గిస్తాయన్నది నమ్మి కూర్చోకండి.

నాకు పనిచేసింది చాలా మామూలుది. ఫంగస్‌ను అణిచే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగను మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగడం. చాలామంది వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు, మందు పట్టడానికి సమయం ఇవ్వాలి కదా! మిగతా రోజుల్లో మైల్డ్ షాంపూ, గోళ్లతో కాకుండా వేళ్ల కొసలతో. కండిషనర్ జుట్టు చివర్లకే, మాడుకు వద్దు. పసుపు పొట్టు ఉన్నన్నాళ్లూ మాడుకు నూనె పెట్టొద్దన్నారు డాక్టర్. స్క్రబ్ సంగతి సరేసరి, ఎర్రబడ్డ చర్మం మీద గరుకు రేణువులు రుద్దమని చెప్పినవాళ్లకు దండం పెట్టాలి.

ఇంకో మెలిక ఉంది. ఆర్డర్ చేసేటప్పుడు ‘ప్రతి నెలా పంపండి’ అనే గడిలో ముందే టిక్ పెట్టి ఉంటుంది, అదీ డెలివరీ అడ్రస్ కింద చిన్న అక్షరాల్లో. రద్దు చేసే బటన్ వెబ్‌సైట్‌లో ఎక్కడా లేదు, ఫోన్ చేస్తే సంగీతం వినిపిస్తూనే ఉంటుంది. చివరికి బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆటో పేమెంట్ నేనే ఆపేశాను. ఫొటోలతో పెట్టిన రివ్యూను ‘పరిశీలనలో ఉంది’ అన్నారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇప్పటికే కిట్ తెప్పించినవాళ్లు సీల్ తీయకపోతే ఫొటో తీసుకుని వెంటనే రిటర్న్ పెట్టండి, సీల్ తీశాక వెనక్కి తీసుకోబోమని వాళ్ల షరతుల్లో ఉంది. వాడటం మొదలుపెట్టి దురద వస్తుంటే మూడూ ఆపేయండి, ముందు టానిక్. సీసాలు మాత్రం పారేయొద్దు. డాక్టర్ ముందు అడిగేది ఆ వెనక చీటీనే.