మాయా వాళ్ళ ఇళ్ళు చూసొచ్చాం: కోపాన్, హోయా దె సెరెన్

మధ్య అమెరికాలో ఒకప్పటి మాయా నాగరికత నగరం కోపాన్, ఇప్పుడది హోండురాస్‌లో ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళు చాలామంది చిత్రలిపి మెట్లు, రాతి విగ్రహాలు చూసుకుని వెళ్ళిపోతారు. కాస్త అవతల, ఆ నగరవాసుల ఇళ్ళున్న లాస్ సెపుల్తురాస్ అనే వాడలో ఆ ఉదయం మేమిద్దరం, గైడూ తప్ప ఎవరూ లేరు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. కోపాన్ టికెట్టే చాలు, విడిగా అక్కర్లేదు. ఊళ్ళోంచి ఆటోలుంటాయి, అచ్చం మన ఆటోలే.

ఒక వాకిలి, దాని చుట్టూ విడివిడిగా ఇళ్ళు. గదుల్లో రాతి అరుగులు, కూర్చున్నా పడుకున్నా వాటి మీదే. కుటుంబం పెరిగితే పక్కన ఇంకో వాకిలి. చనిపోయినవాళ్ళను ఇళ్ళ కింద, వాకిళ్ళలోనే పూడ్చేవారు. స్పానిష్‌లో సెపుల్తురాస్ అంటేనే సమాధులు. తాతముత్తాతల ఎముకలున్న నేల మీద హక్కు ఆ ఇంటివాళ్ళదేనని, ఆ సమాధే వాళ్ళకు పట్టా లాంటిదని పురావస్తు పండితులు కొందరంటారు. గైడ్ ఆ మాట చెప్తుంటే, మా అమ్మమ్మ వాళ్ళ పొలం గట్టు మీదున్న ముత్తాత సమాధి కళ్ళముందు మెదిలింది. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

బస మాత్రం మొదటి రాత్రి చేదు అనుభవమే. చౌరస్తా పక్క హోటల్లో వేడినీళ్ళు లేవు, అర్ధరాత్రి దాకా ఒకటే గోల. మర్నాడు ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జికి మారాం, హాయిగా నిద్రపట్టింది. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ బీన్స్ తరచుగా పంది కొవ్వులో వేయిస్తారు, ముందే చెప్పండి.

అక్కణ్ణుంచి ఎల్ సాల్వడార్‌కి వ్యాన్‌లో వెళ్ళాం. దారిలో గ్వాటెమాలా తగులుతుంది, రెండు సరిహద్దుల్లో క్యూలు. వ్యాన్ రెండు గంటలు ఆలస్యంగా రావడంతో టెన్షన్ పడ్డాం. హోయా దె సెరెన్ చూశాక ఆ విసుగంతా పోయింది. దాదాపు 1,400 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన రైతుల పల్లె ఇది. 1976లో బుల్డోజర్ పనుల్లో బయటపడింది. ఒక్కో కుటుంబానికి పడకకో ఇల్లు, సామానుకో కొట్టు, విడిగా వంటిల్లు. పదునైన రాతి బ్లేళ్ళు పిల్లలకు అందకుండా చూరులో దోపి ఉన్నాయట! మొక్కజొన్న బోదెలు ఇళ్ళ పక్కనే, కర్రపెండలం చేలు ఊరి బయట. పక్కపక్క చేలలో బోదెలు ఒక్కో తీరుగా ఉండటాన్ని బట్టి ఎవరి పొలం ముక్క వాళ్ళే సాగు చేసుకున్నారని తవ్వినవాళ్ళ అంచనా.

అన్నీ షెడ్ల కింద దూరం నుంచే చూడాలి. పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే ఉక్కపోత.