పాపర్‌లో నాలుగు డెక్కులు: ఏళ్ల తరబడి ఆడాక నా అభిప్రాయం

కొనేది ఒక్క డెక్కే అయితే నీలం ఫేరీస్ కొనండి. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో పాపర్ ఫార్మాట్‌కి సంబంధించి బర్న్, ఫేరీస్, అఫినిటీ, ట్రాన్ నాలుగూ నా దగ్గర ఉన్నాయి. టెక్సస్‌లో నేనుండే ఊరి కార్డుల షాపులో శుక్రవారం రాత్రి టోర్నమెంట్లలోనూ, ఇంట్లో మ్యాజిక్ ఆన్‌లైన్‌లోనూ ఏళ్లుగా నాలుగింటినీ మార్చి మార్చి ఆడుతున్నాను. వీటిలో నన్ను ఎక్కువసార్లు గెలిపించింది ఫేరీస్ కాదు. అయినా దాన్నే ముందు పెడుతున్నానంటే కారణం ఉంది, అది చెప్పాలనే ఈ సమీక్ష.

పాపర్ గురించి తెలియనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను. ఎప్పుడో ఒకసారి కామన్‌గా, అంటే తేలిగ్గా దొరికే రకంగా, అచ్చయిన కార్డులే వాడాలి. డెక్కులో కనీసం 60 కార్డులు, పక్కన 15 కార్డుల దాకా సైడ్‌బోర్డ్ (గేముల మధ్య మార్చుకునే కార్డులు), బేసిక్ ల్యాండ్ కార్డులు తప్ప ఏ కార్డైనా నాలుగుకి మించకూడదు, ఆట మొదట్లో ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. చాలాకాలం ఆన్‌లైన్‌లోనే బతికిన ఈ ఫార్మాట్‌కి 2019లో కాగితం కార్డుల ఆటలోనూ అధికారిక గుర్తింపు వచ్చింది. మోడర్న్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఒక డెక్కుకి పెట్టే డబ్బుతో ఇక్కడ చాలా డెక్కులు తయారుచేసుకోవచ్చు. నాలుగు నా దగ్గర ఉండటానికి కారణం అదే.

బర్న్ అంతా లెక్క మీద నడుస్తుంది. ఎదుటివాడి 20 ప్రాణాలు పోవాలి, మన కార్డు ఒక్కొక్కటి మూడు తీస్తుంది. లైట్నింగ్ బోల్ట్, చైన్ లైట్నింగ్, లావా స్పైక్ అన్నీ ఒక్క మానాకి (మానా అంటే ల్యాండ్ కార్డులిచ్చే శక్తి, మిగతా కార్డులు వేయడానికి ఖర్చుపెట్టేది) మూడు డ్యామేజీ. అంటే ఏడు కార్డులు కావాలి. మొదట ఆడేవాడు నాలుగో టర్నుకి చూసేది పది కార్డులు. అందులో మూడు ల్యాండ్లు తీసేస్తే మిగిలేవి సరిగ్గా ఏడు. నాలుగో ల్యాండు వచ్చిందంటే ఒక దెబ్బ తగ్గినట్టే. ఫైర్‌బ్లాస్ట్ మానా లేకుండానే, రెండు మౌంటెన్లు బలి ఇచ్చి నాలుగు తీస్తుంది. కానీ ఐదు బోల్ట్‌లూ ఒక ఫైర్‌బ్లాస్టూ కలిస్తే 19. ఆ ఒక్క ప్రాణం కోసమే థెర్మో-ఆల్కెమిస్ట్ ఉండాలి. అది కూర్చున్నచోటే ఉండి టర్నుకొకటి గిల్లుతుంది, మనం బోల్ట్ లాంటి, పనిచేసి పోయే స్పెల్ (ఇన్‌స్టంట్ లేదా సోర్సరీ) వేసినప్పుడల్లా మళ్లీ లేచి ఇంకోటి గిల్లుతుంది. బర్న్‌లో రెండో టర్నుకి దాన్ని మించిన కార్డు నాకు కనిపించలేదు.

బర్న్ తేలికని చాలామంది అంటారు. వెదర్ ది స్టార్మ్ ఎదురైనప్పుడు ఆ మాట నిలవదు. రెండు మానాల ఆ ఆకుపచ్చ కార్డు మూడు ప్రాణాలిస్తుంది, పైగా ఆ టర్నులో అంతకుముందు ఎవరు ఎన్ని స్పెల్స్ వేసినా అన్ని నకళ్లు తోడొస్తాయి. మనం ఒకే టర్నులో రెండు బోల్ట్‌లు వేశాక అది పడితే తొమ్మిది ప్రాణాలు వెనక్కి వచ్చేస్తాయి, అంటే మూడు కార్డులు గంగపాలు. అందుకే సైడ్‌బోర్డింగ్ తర్వాత ఆకుపచ్చ డెక్కు ఎదురుగా ఉంటే చేతినిండా బోల్ట్‌లున్నా టర్నుకొకటి చొప్పునే విసరాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ల చేతిలో బర్న్ చాలా మంచి డెక్కు.

ఇక ఫేరీస్. ఒక మానా రెక్కల జీవులు ఫేరీ సీర్, ఫేరీ మిస్క్రియెంట్. రెండు మానాల స్పెల్‌స్టటర్ స్ప్రైట్. వీటి వెనక నింజా ఆఫ్ ది డీప్ అవర్స్, వెన్నుదన్నుగా ఎదుటివాడి స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్, కార్డులు తెచ్చే బ్రెయిన్‌స్టార్మ్. నడక ఇలా ఉంటుంది. మొదటి టర్నులో సీర్ వేసి డెక్కు మీది రెండు కార్డులు సర్దుకుంటాం. రెండో టర్నులో దానితో దాడి చేస్తాం. ఎదుటివాడు అడ్డుకోకపోతే సీర్‌ని చేతిలోకి తీసుకుని రెండు మానాలకి నింజాని దాని స్థానంలో దింపుతాం. నింజా రెండు డ్యామేజీ ఇచ్చి ఒక కార్డు తెస్తుంది. సీర్ మళ్లీ చేతిలో ఉంది కాబట్టి మూడో టర్నులో మరో రెండు కార్డులు సర్దుకోవచ్చు.

వెనక్కి తీసుకున్నది స్ప్రైట్ అయితే ఆట ఇంకా మన చేతిలోకి వస్తుంది. స్ప్రైట్‌ని ఎదుటివాడి టర్నులోనే దించొచ్చు. దిగేటప్పుడు మన ఫేరీల సంఖ్యకి సమానమైన, లేదా అంతకంటే తక్కువ మానా విలువున్న స్పెల్‌ని ఆపుతుంది. స్ప్రైట్ కూడా ఫేరీయే, కాబట్టి ఒంటరిగా ఉన్నా లైట్నింగ్ బోల్ట్‌ని ఆపుతుంది. ఇంకో ఫేరీ ఉంటే రెండు మానాల స్పెల్ కూడా ఆగుతుంది.

ఇక్కడే డెక్కులు ఒకదాని ముందు ఒకటి అసలు రంగు చూపిస్తాయి. బర్న్ ఆడేవాడు రిఫ్ట్ బోల్ట్‌ని ఒక్క మానాకే సస్పెండ్ చేస్తాడు (తర్వాతి టర్నులో పనిచేసేలా పక్కన పెడతాడు), కానీ కార్డు మీద అచ్చయిన విలువ మూడు. ఫైర్‌బ్లాస్ట్‌కి ఒక్క మానా కట్టకపోయినా దాని విలువ ఆరు. స్కూయర్ ది క్రిటిక్స్‌కీ అంతే, ఒకటి కడతాడు, విలువ మూడు. కాబట్టి స్ప్రైట్‌ని చూపించి బర్న్‌ని కట్టిపడేశామనుకోకూడదు, ఫైర్‌బ్లాస్ట్ కోసం కౌంటర్‌స్పెలో, ఎర్ర స్పెల్‌ని ఆపే హైడ్రోబ్లాస్టో దాచుకోవాలి. ఎదుటివాడికీ ఒక ఉపాయం ఉంది. మన ఒంటరి స్ప్రైట్ బోల్ట్‌ని ఆపబోతుంటే, ఇంకో బోల్ట్‌తో ముందు స్ప్రైట్‌ని కొట్టేస్తాడు. లెక్కలో ఫేరీలు సున్నా అవుతాయి, మొదటి బోల్ట్ ఆగకుండా తగులుతుంది. బర్న్ చేతికి రెండు ఎర్ర మానాలు ఉన్నంతసేపూ ఆ ప్రమాదం ఉన్నట్టే.

రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడు, ఏది పారేశాడు అని గమనిస్తూ ఆడేవాళ్లకి ఫేరీస్ ఇట్టే అబ్బుతుంది. మన పేకని మాత్రమే చూసుకునే అలవాటుంటే మొదట్లో ఓటములు తప్పవు, ఆ ఓటములకి విలువ ఉంది. బర్న్‌లో ఓడితే చాలాసార్లు ల్యాండ్లు ఎక్కువయ్యాయనో తక్కువయ్యాయనో తేలుతుంది. ఫేరీస్‌లో ఓడిన ఆటని వెనక్కి తిప్పి చూసుకుంటే, మానా ఎక్కడ ఖర్చు పెట్టకుండా ఆగాల్సిందో ఆ టర్ను కనిపిస్తుంది. ఏళ్లు గడిచినా ఈ డెక్కు నాకు విసుగు పుట్టించలేదు. నేను దాన్ని పైన పెట్టేది ఇందుకే.

నాకు ఎక్కువ గెలుపులు తెచ్చింది అఫినిటీ. గ్రేట్ ఫర్నెస్, సీట్ ఆఫ్ ది సైనాడ్ లాంటి ల్యాండ్లే ఆర్టిఫాక్ట్‌లు (వస్తువులు, యంత్రాల రకం కార్డులు). ఏడు మానాల మిర్ ఎన్‌ఫోర్సర్ మన ఆర్టిఫాక్ట్‌ల సంఖ్య మేరకు చవకై, ఒక్కోసారి ఉచితంగా దిగుతుంది. విలువ మాత్రం ఏడే, కాబట్టి స్ప్రైట్ దాని జోలికి పోలేదు. ఐదు మానాల థాట్‌కాస్ట్ ఒక్క నీలం మానాకే రెండు కార్డులిస్తుంది. మూడు ఆర్టిఫాక్ట్‌లుంటే గాల్వానిక్ బ్లాస్ట్ ఒక్క మానాకి నాలుగు తీస్తుంది. ఒకప్పుడు గొరిల్లా షామన్ ఈ డెక్కుకి యముడు, ఒక్కో మానాకి ఒక్కో ఆర్టిఫాక్ట్ ల్యాండ్‌ని పగలగొట్టేసేది. 2021లో మోడర్న్ హొరైజన్స్ 2 అనే కార్డుల సెట్‌తో నాశనం కాని బ్రిడ్జి ల్యాండ్లు వచ్చాక ఆ భయం చాలావరకు పోయింది. ఇప్పుడు అఫినిటీ భయపడాల్సింది తెల్ల డెక్కుల డస్ట్ టు డస్ట్‌కి. అది ఆర్టిఫాక్ట్‌లని నాశనం చేయదు, రెండింటిని ఒకేసారి ఆట నుంచి గెంటేస్తుంది, కాబట్టి బ్రిడ్జిలకీ రక్షణ లేదు. గెలవడమే ముఖ్యమైతే నేను సలహా ఇచ్చేది ఈ డెక్కే. సైడ్‌బోర్డ్‌లో దీనికి మందు పెట్టుకోని డెక్కు మాత్రం అరుదు.

ట్రాన్ గురించి తక్కువే చెప్తాను. అర్జా మైన్, పవర్ ప్లాంట్, టవర్ మూడూ కలిస్తే మూడు ల్యాండ్లకి ఏడు మానాలు. తర్వాత ఘోస్ట్‌లీ ఫ్లికర్, మ్నెమోనిక్ వాల్ కలిపి తిప్పుతూ ఎదుటివాడికి ఊపిరాడకుండా చేయొచ్చు. ఆ మూడు ల్యాండ్లు కలిసేదాకా ఆడే ఆట నాకిష్టం. తర్వాతి అరగంట ఇష్టం లేదు. షాపులో రౌండుకి 50 నిమిషాలే, మూడో గేము సగంలో ఉండగా టైము అయిపోయి డ్రా కావడం ఈ డెక్కుతో మామూలు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఎవరి గడియారం వాళ్లది, అక్కడ నిదానంగా ఆడే ట్రాన్ ఆటగాడు బోర్డు మీద గెలుస్తూనే టైములో ఓడిపోతాడు. ఫేరీస్ ముందు కూడా ఇది ఇబ్బంది పడుతుంది, చవక రెక్కల జీవులు కొడుతుంటే కీలకమైన ఒక్క స్పెల్ ఆగినా చాలు.

కొనేముందు నిషేధాల చరిత్ర చూడండి. అఫినిటీ నుంచి క్రేనియల్ ప్లేటింగ్, తర్వాత సోజర్నర్స్ కంపానియన్, 2022లో ఏటాగ్, డిసైపుల్ ఆఫ్ ది వాల్ట్ పోయాయి. ఎరుపు నుంచి 2023లో మోనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్, 2025లో కుల్డోతా రీబర్త్ వెళ్లాయి. ఫేరీస్‌కి పెద్ద దెబ్బ 2019లోనే, గుష్, డేజ్, గిటాక్సియన్ ప్రోబ్ ఒకేసారి పోయాయి. నా డెక్కులో ఆ తర్వాత స్ప్రైట్, నింజా, కౌంటర్‌స్పెల్ కదలకుండా ఉన్నాయి. పాపర్ డబ్బు మిగలాలని ఆడే ఫార్మాట్, కాబట్టి ఏళ్ల తరబడి చేతిలో నిలిచే కార్డులకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి చుట్టుపక్కల ఆడేవాళ్లు దొరక్కపోతే మ్యాజిక్ ఆన్‌లైన్ పట్టుకోండి. మ్యాజిక్‌కే ఉన్న ఇంకో ఆన్‌లైన్ వేదిక అరీనాలో పాత కార్డులు చాలావరకు లేవు, నేను చెప్పిన డెక్కులు అక్కడ పూర్తిగా కట్టలేరు. ఫేరీస్‌తో మొదలుపెట్టేవాళ్లు ముందు హైడ్రోబ్లాస్ట్, బ్లూ ఎలిమెంటల్ బ్లాస్ట్ కొని సైడ్‌బోర్డ్‌లో పెట్టుకోండి. ఒక్క నీలం మానాకి ఎర్ర స్పెల్‌ని విలువతో పనిలేకుండా ఆపుతాయి, ఫైర్‌బ్లాస్ట్‌తో సహా.