నల్లపట్టీలతో పదిహేనేళ్లు

పదిహేనేళ్లుగా, టీవీ తెర మీద నల్లపట్టీలు మిగిలినా సరే, సినిమాలను తీసినవాళ్లు పెట్టిన కొలతలోనే చూస్తున్నాను. ఈలోగా టీవీలు మూడు మారాయి. డిస్కు కొనేముందు అట్ట వెనక నేను మొదట వెతికేది యాస్పెక్ట్ రేషియోనే, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుకు ఎన్ని రెట్లన్న లెక్క. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నది ఆ తర్వాతి మాట.

ఈ పట్టుదల ఒక్క సన్నివేశంతో మొదలైంది. చిన్నప్పుడు టేపు అరిగేదాకా చూసిన సినిమా అది. పొడవాటి భోజనాల బల్లకు చెరో కొసన భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుంటారు. టేపులో ఆయన కనిపిస్తే ఆవిడ ఉండదు, ఆవిడ కనిపిస్తే ఆయన ఉండడు. మాటమాటకూ కట్ పడుతుంది. ఎడిటింగే అలా చేశారనుకున్నాను. చాలా ఏళ్లకు అదే సినిమా 2.35:1లో డిస్కుగా దొరికింది. చూస్తే అక్కడ ఒక్క కట్టూ లేదు! ఒకటే షాటు, ఇద్దరి మధ్యా అంత పొడుగు ఖాళీ బల్ల. వాళ్ల కాపురం ఎలా ఉందో ఆ ఖాళీయే చెబుతోంది. వెడల్పు తక్కువున్న పాత 4:3 టీవీని నింపడానికి ఎవరో ఆ షాటును ముక్కలు చేశారన్నమాట. పాన్ అండ్ స్కాన్ అంటే ఇదే. లెక్కేస్తే బొమ్మలో 43 శాతం పోతుంది.

టీవీకి అలవాటుపడ్డ జనాన్ని మళ్లీ థియేటర్‌కు రప్పించడానికి 1953లో ‘ద రోబ్’ సినిమాతో సినిమాస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతి తెచ్చారు. ఇంట్లో దొరకనంత వెడల్పు చూపించాలని తీసిన సినిమాలను, తర్వాత ఆ ఇంటి తెర కోసమే నరికారు. నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించే సంగతి ఇది.

ఇబ్బందులు లేవనను. పాత ట్యూబ్ టీవీలో లెటర్‌బాక్స్, అంటే పైనా కిందా నల్లపట్టీలతో వచ్చే బొమ్మ, చూడటం కష్టమే. అమెరికా రకం డీవీడీలో బొమ్మను గీసే 480 అడ్డగీతల్లో 2.35 సినిమాకు దక్కేవి 272. అదే ఆనామార్ఫిక్ డిస్కయితే, అంటే బొమ్మను అడ్డంగా నొక్కి దాచి వైడ్ టీవీలో మళ్లీ సాగదీసేదైతే, 363 దాకా వస్తాయి, తేడా కంటికి తెలుస్తుంది. ఆనామార్ఫిక్ కాని పాత డిస్కును వైడ్ టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపే, మధ్యలో చిన్న బొమ్మ. అలాంటివన్నీ నెమ్మదిగా మార్చేశాను. ఎల్‌సీడీ తెర మీద చీకటి గదిలో పట్టీలు బూడిదరంగుకు తిరుగుతాయి, ఇదీ లోపమే. సినిమా పట్టుకుంటే మాత్రం పది నిమిషాల్లో పట్టీల సంగతే గుర్తుండదు. “పైనా కిందా కోసేశారేంటి?” అని అడిగిన చుట్టాలకు బల్ల సన్నివేశం రెండు రకాలుగానూ వేసి చూపిస్తుంటాను. మళ్లీ అడిగినవాళ్లు లేరు.

టీవీలు వెడల్పాటి 16:9 అయ్యాక గొడవ తీరిందనుకున్నాను. తీరలేదు, తిరగబడింది. ఇప్పుడు కత్తి పాత సినిమాల మీద పడింది. 1932 నుంచి ఇరవై ఏళ్లపాటు హాలీవుడ్‌లో వాడుకలో ఉన్న 1.37 ఫ్రేమును వెడల్పు తెరకు సరిపెట్టాలని పైనా కిందా కోస్తున్నారు. దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. నా దగ్గరున్న ఒక నృత్య చిత్రం కొత్త డిస్కులో నర్తకి పాదాలే లేవు. తల నుంచి కాలి దాకా ఒక్క ఫ్రేములో పట్టేలా కెమెరాను అంత దూరాన నిలబెట్టిన మనిషి ఇది చూస్తే ఏమనుకుంటాడు?

బొమ్మ ఎక్కువ కనిపించినా మేలేనని చెప్పలేం. 1.85లో చూపించాలని తీసిన కొన్ని సినిమాల్లో, థియేటర్‌లో ప్రొజెక్టర్ దగ్గర మూసేసే భాగాన్ని టేపుల్లో తెరిచి వదిలారు. అలా ఒకదాంట్లో, ఏడుస్తున్న తల్లి నెత్తి మీద మైకు వేలాడటం చూశాను. ఆ ఏడుపు నాకిక తగల్లేదు.

ఇవేవీ కాకపోయినా మన టీవీయే చెడగొట్టవచ్చు. కొత్త టీవీ వస్తే నేను ముందు జూమ్ తీసేస్తాను, బొమ్మ అంచులను తెర బయటికి నెట్టేసే ఓవర్‌స్కాన్ ఆపేస్తాను, తర్వాత ఏ గడియారమో బండి చక్రమో కనిపించే చోట ఆపి గుండ్రంగా ఉందా అని చూస్తాను. కోడిగుడ్డులా ఉంటే బొమ్మ సాగుతున్నట్టే.

ఆ నృత్య చిత్రం కొత్త డిస్కు ఎంతో స్పష్టంగా ఉంటుంది, గౌను మీది అల్లిక కూడా లెక్కపెట్టొచ్చు. అయినా చూడాలనిపించినప్పుడల్లా మసకబారిన పాత 4:3 డీవీడీయే పెడుతున్నాను. అందులో పాదాలున్నాయి.