పర్లాకిమిడి వడ్రంగి కొట్టులో చేయించిన లోలకం బల్ల

మా బడి సైన్సు గదిలో పై ఊరి నుంచి తెప్పించిన పెట్టె ఒకటి ఉంది. మీట నొక్కితే దీపం వెలిగి జవాబు కనిపిస్తుంది. పిల్లలు నాలుగుసార్లు నొక్కి వదిలేశారు. వాళ్ళు తేల్చుకోవడానికి అందులో ఏమీ లేదు. అందుకే ఈసారి పర్లాకిమిడిలోనే ఒక వడ్రంగి కొట్టులో లోలకం బల్ల చేయించాను.

"బాబూ, దారం పొడుగు, గుండు బరువు, ఎంత దూరం లాగి వదలాలి, ఈ మూడూ పిల్లల చేతిలోనే ఉండాలి. ఒకటి మారిస్తే మిగతా రెండూ కదలకూడదు" అని వడ్రంగికి చెప్పాను. మొదట ఇనప గుండు పెద్దది, చెక్క గుండు చిన్నది పెట్టాడు. పెద్దది కాస్త కిందికి వేలాడేది. లోలకం పొడుగు కొలిచేది గుండు నడిమధ్య దాకా కదా, బరువుతోపాటు పొడుగూ మారిపోయింది. ఆ మాట అంటే విసుక్కోలేదు. "ఆగండి టీచరమ్మా" అని ఒకే సైజు చెక్క గుండ్లు రెండు లేతు మీద, అంటే కొయ్యని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, తీశాడు. ఒకదాన్ని తొలిచి, సైకిలు బేరింగు గుండ్లు కూరి, బిరడా కొట్టాడు. చూడ్డానికి రెండూ కవలలే, చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. నాకు ఈ పని ఎంత నచ్చిందో చెప్పలేను.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ తెరిచిన ఎక్స్‌ప్లోరటోరియం అనే సైన్సు మ్యూజియంలో, అక్కడి ప్రదర్శన వస్తువులు తయారుచేసే కొట్టు కూడా వచ్చినవాళ్ళ కళ్ళముందే ఉండేది. నేనూ మా పిల్లల్ని ఈ కొట్టుకి తీసుకెళ్ళాను. లేతు దగ్గర నుంచి కదిలితే ఒట్టు.

ఆరో తరగతి పిల్ల ఒకతె బరువు గుండే గబగబా ఊగుతుందని పందెం కాసింది. మీటరు దారానికి పది ఊపులు (పోయి వస్తే ఒక ఊపు) లెక్కపెడితే రెండిటికీ ఇంచుమించు 20 సెకన్లే. తన లెక్క తప్పిందేమోనని అయిదుసార్లు చేసింది. తర్వాత దారాన్ని 25 సెంటీమీటర్లకి కుదిస్తే 10 సెకన్లు. "పొడుగు పావు వంతయితే టైము సగమే తగ్గిందేంటి టీచర్?" అంది. నేను చెప్పలేదు. మధ్య పొడుగులు కూడా కొలిచి కాగితం మీద గీయమన్నాను.

పది రోజులన్న పని మూడు వారాలు పట్టింది, 2,800 రూపాయలయింది. కొయ్య పని గట్టిది, పిల్లలు వేలాడినా చట్రం ఊగదు. దారం బిగించే మేకు మాత్రం జారేది, మళ్ళీ వచ్చి రెక్క మర బిగించి వెళ్ళాడు, డబ్బులు అడగలేదు.

బల్ల మీద "పొడుగు ఒక్కటే ముఖ్యం" అని అందంగా రంగుతో రాశాడు, పాపం. చెరిపించాను. ఇప్పుడు వాలుబల్ల చేస్తున్నాడు: ఒకే బరువు, ఒకే సైజు చక్రాలు రెండు, ఒకదానికి బరువంతా అంచున, రెండోదానికి నడుమ. ఏది ముందు దిగుతుందో ఎక్కడా రాయొద్దని ఈసారి ముందే చెప్పాను.