ఏడో ప్రశ్న దగ్గర ఆగిన సర్వే: ఒక పరిశోధన బృందంతో మా సంఘం తొమ్మిది నెలలు

మేం ఆఫీసు భవనాలు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులం. మొదటి రోజు పరిశోధన బృందం వాళ్ళు తెచ్చిన నమూనా ఫారంలో ఏడో ప్రశ్న ఇది: "మీరు రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?" గదిలో ఉన్న 14 మందిమీ ఎనిమిది అని చెప్పాం. వచ్చినామె రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళబోతుంటే మా అందరిలోకి పెద్దదైన అక్క ఆపింది. "ఎనిమిది గంటలనేది రిజిస్టర్‌లో ఉండే లెక్కమ్మా. నేను గేటు లోపలికి ఎప్పుడొస్తానో, మళ్ళీ ఎప్పుడు బయట పడతానో ఎవరూ అడగలేదు" అంది.

అప్పుడు ఆ అమ్మాయి చేసిన పని వల్లే ఈ సమీక్ష రాస్తున్నాను. ఫారం పక్కన పెట్టేసి, "అయితే ఈ ప్రశ్న ఎలా అడగాలో మీరు చెప్పండి, నేను కొట్టేసి మళ్ళీ రాస్తాను" అంది.

మా హాజరు రిజిస్టర్ బేస్‌మెంట్‌లో సూపర్‌వైజర్ గదిలో ఉంటుంది. గేటు దగ్గర సంచి తనిఖీ, తర్వాత యూనిఫాం మార్చుకోవడం, తర్వాత స్టోర్ ముందు వరుసలో నిలబడి బకెట్, మాపు, ఫినాయిలు తీసుకోవడం. అవన్నీ చేతికొచ్చాకే సంతకం. డ్యూటీ దిగేటప్పుడు మాత్రం సంతకం ముందు, మాపులు ఉతికి ఆరేయడం తర్వాత. ఏళ్ళ తరబడి ఇలాగే చేస్తున్నా ఇది కూడా పని గంటలే కదా అని మాకే తట్టలేదు. ఆ రోజు ఏడో ప్రశ్న నాలుగు ప్రశ్నలైంది: గేటులో అడుగు పెట్టింది ఎన్నింటికి, సంతకం పెట్టింది ఎన్నింటికి, దిగేటప్పుడు సంతకం ఎన్నింటికి, గేటు బయటికి వచ్చింది ఎన్నింటికి. మిగతా ఫారంలో మాకు పనికిరానివి చాలా తీసేశాం. 42 ప్రశ్నలు 19కి దిగాయి.

సంఘాలకు పరిశోధనలో సాయం చేస్తామనే బృందాలు రకరకాలుగా ఉంటాయి. కొందరు వచ్చి అడిగి రాసుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ కనిపించరు. ఈ బృందం అలాంటిది కాదు. వాళ్ళ పేరు మాత్రం ఇక్కడ రాయను. వాళ్ళ మీద నాకు ఫిర్యాదులూ ఉన్నాయి, అవి వాళ్ళతోనే ఎదురుగా మాట్లాడాను. ఇలాంటి సాయం తీసుకోబోయే సంఘాలు ముందుగా ఏమేం అడిగి తెలుసుకోవాలో చెప్పడానికే రాస్తున్నాను.

మాలో మొదట ఉన్నది భయమే. "మేం రాసిన లెక్కను పెద్దవాళ్ళు నమ్ముతారా? చదువుకున్న వాళ్ళు వచ్చి రాస్తే కదా విలువ" అని ఒకామె అడిగింది. దానికి వాళ్ళు ఉపన్యాసం ఇవ్వలేదు, రెండు సంగతులు చెప్పారు. ఒకటి రాజస్థాన్‌ది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్‌కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, పెట్టింది. ప్రభుత్వ పనుల మస్టర్ రోళ్ళు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ఊరి వాళ్ళ ముందు పైకి చదివారు. పేరు ఎవరిదో వాళ్ళే లేచి, నేను ఆ పనికి పోనేలేదని, ఆ డబ్బు నాకు రానేలేదని చెప్పారు. కాగితాలు మాకు చూపించండి అన్న ఆ డిమాండు పెరిగి పెరిగి దేశమంతటి ఉద్యమమై, 2005లో సమాచార హక్కు చట్టం దాకా వెళ్ళింది. మస్టర్ రోల్ అనగానే మా వాళ్ళ ముఖాలు మారిపోయాయి. మా రిజిస్టర్ కూడా అలాంటిదేగా.

రెండోది అమెరికాలోని అపలాచియన్ కొండలది. 1977లో అక్కడ వరదలొచ్చి ఇళ్ళు పోయినవాళ్ళకు తాత్కాలికంగా ఇళ్ళు వేద్దామంటే స్థలం దొరకలేదు. భూమంతా ఎవరి చేతిలో ఉందని జనం అడగడం మొదలుపెట్టారు. ఆరు రాష్ట్రాల్లో 80 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) కోర్టుహౌసులకు స్థానికులే వెళ్ళి, భూమి, పన్ను రికార్డులు తిరగేసి, చేత్తో ఎక్కించుకున్నారు. భూమి, గనులు ఎంతగా బయటి కంపెనీల చేతిలో ఉన్నాయో, వాటి మీద పన్ను ఎంత తక్కువో అప్పుడు తేలింది. ఆ పని చేసినవాళ్ళలోంచే 1981లో కెంటకీలో ప్రజల సంఘం ఒకటి పుట్టింది. బొగ్గు కంపెనీలు పాత దస్తావేజుల్ని అడ్డం పెట్టుకుని, భూమి యజమాని ఒప్పుకోకపోయినా పైనేల తవ్వేసే పద్ధతిని ఆపేలా 1988లో ఆ రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. ఆ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది వాళ్ళు లెక్క తీస్తూ తీస్తూ సంఘంగా కలవడం. మా దగ్గరా అదే జరిగింది. సర్వే కోసం తిరగకపోతే పక్క భవనాల్లో పనిచేసేవాళ్ళ పేర్లు కూడా మాకు తెలిసేవి కావు.

ఇక అసలు సంగతి, ఒప్పందం. ఇక్కడ వాళ్ళకు పూర్తి మార్కులు. ఫారాలు ఎవరివి, ఎవరి అల్మారాలో ఉంటాయి, ఎవరు చూడొచ్చు, ఎవరు ఎక్కడ ప్రచురించొచ్చు అన్నవి పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసుకుందామని వాళ్ళే అడిగారు. కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రజలు 1998లో పెట్టుకున్న నియమాల గురించి చెప్పారు. తమ గురించిన సమాచారం మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం నాలుగూ తమవేనని వాళ్ళు అంటారు. మేం కూడా రాసుకున్నాం: ఫారాలు సంఘం అల్మారాలోనే ఉంటాయి, తాళం ఇద్దరి దగ్గర ఉంటుంది, బృందం తన రాతల్లో మా సమాచారం వాడాలంటే కమిటీ మీటింగులో అడగాలి. మూడుసార్లు అడిగారు. ఒకసారి వద్దన్నాం. మారు మాట్లాడలేదు.

శిక్షణలో నాకు మరిచిపోలేని రోజు ఒకటి ఉంది. గోడకు పెద్ద చార్టు అంటించి మనిషి ఆకారం గీశారు, ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు. ఒక్కొక్కరికి ఎర్ర చుక్కల స్టిక్కర్లు ఇచ్చి, ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ అంటించమన్నారు. ఎవరూ మాట్లాడక్కర్లేదు. మొదటి ముగ్గురూ వెళ్ళి మోకాళ్ళ మీద, నడుం మీద అంటించి వచ్చారు. నాలుగో ఆమె కుడి మణికట్టు మీద రెండు పెట్టింది. ఐదో ఆమె అక్కడే. చివరికి కుడి మణికట్టు దగ్గర చోటు చాలక స్టిక్కర్ల మీద స్టిక్కర్లు పడ్డాయి. మాపు పిండే బకెట్ మీట పాడైపోయి ఏడాది దాటింది, అందరం చేత్తోనే పిండుతున్నాం. ఎవరికి వాళ్ళం ఇది నా వయసు నొప్పి అనుకుంటున్నాం. అప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడని ఒక పిల్ల, మా అందరిలో చిన్నది, పాతికేళ్ళు కూడా ఉండవు, చార్టు ముందు నిలబడి తన మణికట్టు పట్టుకుని ఏడ్చింది. ఇటలీలో ఫ్యాక్టరీ కార్మికులు 1960ల్లో తమ పనిచోటు నక్షా తామే గీసుకుని ప్రమాదాలు గుర్తుపెట్టుకునేవాళ్ళట, ఇది ఆ కోవలోదేనని తర్వాత చెప్పారు. ఆ చార్టు ఇప్పటికీ మా సంఘం ఆఫీసు గోడ మీదే ఉంది.

ఇప్పుడు లోపాలు. అన్నిటికంటే పెద్దది పట్టికల దగ్గర జరిగింది. మొదటి చిత్తుప్రతిలో ఏ భవనం వాళ్ళు ఏమన్నారో విడివిడిగా వేశారు. ఒక చిన్న భవనంలో మావాళ్ళు ముగ్గురే. సూపర్‌వైజర్ తిడతాడా అన్న ప్రశ్నకు ముగ్గురూ అవునన్నారు. పేర్లు లేకపోతే మాత్రం ఏముంది, ఆ పట్టిక చూసిన ఎవరికైనా ఆ ముగ్గురూ ఎవరో తెలిసిపోతుంది. అచ్చుకు ముందు అందరి ఎదుట చదివి వినిపించే నియమం ఉండబట్టి మేమే పట్టుకున్నాం. బృందం వెంటనే ఒప్పుకుని, పదిమంది లోపు ఉన్న భవనాలన్నీ కలిపి ఒకే వరుసగా వేసింది. కానీ ఈ జాగ్రత్త వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. ఉద్యోగం పోతే పోయేది మావాళ్ళదే.

రెండోది భాష. రిపోర్టు మొదట ఇంగ్లీషులో వచ్చింది, 60 పేజీలు. తెలుగుది రెండు నెలల తర్వాత. ఈలోగా యాజమాన్యంతో మొదటి మీటింగు అయిపోయింది. మా లెక్క గురించి మా ముందే మాట్లాడుతుంటే మాకు అర్థం కాని పరిస్థితి. నేను గట్టిగానే అడిగాను. ఆ తర్వాత నాలుగు పేజీల తెలుగు కరపత్రం, పెద్ద అక్షరాలతో బొమ్మలతో, వారంలో ఇచ్చారు. నిజానికి అందరం వాడింది అదే. ముందు అదే రావాల్సింది.

ఫారాలు నింపడానికి తిరిగిన రోజులకు మావాళ్ళకు కూలి ఇచ్చారు, శిక్షణ రోజులకు మాత్రం మేం అడిగేదాకా ఇవ్వలేదు. ఐదో నెలలో మాతో పనిచేసే అమ్మాయి మారిపోయింది, కొత్తామెకు మళ్ళీ మొదటి నుంచి అన్నీ చెప్పుకున్నాం.

మీరే సర్వే చేసుకుంటే మీకు కావలసిందే వస్తుంది కదా అని యాజమాన్యం తరఫు ఆయన అడిగాడు. ఆ మాట వస్తుందని బృందం ముందే చెప్పింది. అందుకే ప్రతి భవనంలో ఇద్దరిద్దరు, ఒకరిదొకరు చూడకుండా, వారం రోజులు గేటు టైములు రాశారు. రెండూ పోల్చి, తేడా వచ్చిన రోజుల్ని లెక్కలోంచి తీసేశాం. జవాబివ్వం అన్నవాళ్ళ సంఖ్య కూడా రిపోర్టులో వేశాం. నాకు ఏ ఇబ్బందీ లేదన్న వాళ్ళ మాటలూ ఉన్నాయి. ఆ ఇబ్బంది లేనివాళ్ళ పేజీ మొదట నాకు నచ్చలేదు, ఎందుకు మనకు మనమే అడ్డం అనుకున్నాను. మీటింగులో ఆయన తిరగేసి తిరగేసి ఆ పేజీ దగ్గరే ఆగాడు. దాని తర్వాత లెక్క తప్పని అనలేదు.

ఫలితం ఇది: రిజిస్టర్ గేటు దగ్గరికి వచ్చింది. రాగానే సంతకం, వెళ్ళేముందు సంతకం. బకెట్లు మార్చారు. పాత రోజుల అదనపు గంటల డబ్బు ఇంకా ఇవ్వలేదు, దాని కోసం మాట్లాడుతూనే ఉన్నాం.

నెలలోపు రిపోర్టు కావాలనుకునే సంఘం ఈ దారిలోకి రావద్దు. మాకు ఫారం తయారవడానికే ఏడు వారాలు పట్టింది. వారానికొకసారైనా కూర్చునే అలవాటు లేని చోట కూడా ఇది నడవదు, ఎందుకంటే పనంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. ఎవరినైనా పిలిచే ముందు ఈ మాటలు అడగండి: ఫారాలు చివరికి ఎవరి దగ్గర ఉంటాయి, మా భాషలో రిపోర్టు ఎన్నో రోజున వస్తుంది, అచ్చుకు ముందు మాకు చదివి వినిపిస్తారా, మావాళ్ళ ప్రతి రోజుకూ కూలి ఉంటుందా. జవాబు నసిగితే పిలవకండి. నేనైతే ఈ బృందాన్ని మళ్ళీ పిలుస్తాను, ఈసారి తెలుగు రిపోర్టు తేదీ ఒప్పందంలో రాయించుకుని.

ప్రస్తుతానికి పిలవలేదు. రాత్రి షిఫ్టు ఆడవాళ్ళు పోయిన నెల సొంతంగా రెండో సర్వే మొదలుపెట్టారు. ఫారం వాళ్ళే రాశారు, ఒకే కాగితం, తొమ్మిది ప్రశ్నలు. మొదటిది: "నిన్న రాత్రి బయట తాళం వేసిన అంతస్తులో మీరు ఒక్కరే ఎంతసేపు ఉన్నారు?"