కోయకముందే కొలిచి చూసే షెడ్డు

నేను పశువుల డాక్టర్ని. ఇరవై రెండేళ్లుగా నోరులేని రోగులతోనే నా కాలక్షేపం. నా ఆటోమేటిక్ కారుకు జబ్బు చేసినప్పుడు కూడా లక్షణం సరిగానే పట్టాను. గుడివాడ రైల్వే గేటు దగ్గర బండి నిలబడి ఉండగానే వణికింది. న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే 1,800 ఆర్‌పీఎం దగ్గర సీటు కింద సన్నగా మొదలయ్యేది. 2,500 దాటితే అద్దంలో వెనక బండి నంబరు చదవలేకపోయేదాన్ని. చక్రాలు కదలకుండానే వచ్చే వణుకుకు చక్రాల బ్యాలెన్సింగ్ చేయించమని రెండు చోట్ల చెప్పారు. చేయించాను కూడా, నా బుద్ధిలేనితనం. మూడో చోట గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి, లక్షా పది వేలు అవుతుందన్నారు. గేదె మేత మానేసిందనగానే పొట్ట కోస్తామన్నట్టు ఉంది వరస.

ఒక ట్రావెల్స్ డ్రైవరు విజయవాడ ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకు పంపించాడు. బోర్డు లేదు. కమాన్ కట్టల దుకాణాల వెనక సందులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మేస్త్రి గారంటే చూపిస్తారు. బల్ల మీద అడ్డంగా కోసిన టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే భాగం, ఒకటి ఉంటుంది. అచ్చం గుమ్మడికాయ చెక్కలా, లోపల చుట్టూ రేకులు. ఒక చెక్క ఇంజిన్‌తో తిరిగి ఆయిల్‌ను విసురుతుంది, ఆ తాకిడికి ఎదుటి చెక్క తిరిగి గేర్‌బాక్స్‌ను తిప్పుతుంది. మధ్యలో చిన్న చక్రం స్టేటర్. అది ఒకవైపే తిరగాలి.

మేస్త్రి గారు పానా పట్టలేదు. ముందు కాస్త ఆయిల్ తెల్లకాగితం మీద వేసి వాసన చూశారు. ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. బండిని వేడెక్కించి, నాలుగు చక్రాలకూ దిమ్మలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎడమకాలితో బ్రేకు గట్టిగా తొక్కి, డి గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కారు. వాచీ పట్టుకోవడం నా పని. "అయిదు సెకన్లు దాటితే అరవండి డాక్టరమ్మ గారూ, ఆయిల్ ఉడికిపోతుంది" అన్నారు. మూడో సెకనుకే ఆర్‌పీఎం ముల్లు 2,450 దగ్గర నిలబడిపోయింది. రెండు నిమిషాలు న్యూట్రల్‌లో చల్లారనిచ్చి రివర్స్‌లో చూస్తే 2,430. మా బండి మాన్యువల్ ప్రకారం 2,300 నుంచి 2,600 మధ్య ఉండాలి. దీన్నే స్టాల్ స్పీడు అంటారు. ఇంజిన్‌లో బలం తగ్గినా, స్టేటర్ పట్టు వదిలి వెనక్కి కూడా తిరుగుతున్నా ముల్లు కిందే ఆగిపోతుంది. గేర్‌బాక్స్ క్లచ్ ప్లేట్లు జారుతుంటే పైకి పోతుంది. నా లక్షా పది వేలు అక్కడే మిగిలాయి.

స్టేటర్ బిగుసుకుపోతే మాత్రం ఈ పరీక్షలో తెలియదట. స్టాల్ సరిగానే ఉంటుంది కానీ హైవే మీద బండి లాగదు, వేడెక్కుతుంది. అందుకని గన్నవరం దాకా తోలి చూశారు. ఆ లోపమూ లేదు.

తరువాతిదే నాకు బాగా నచ్చింది. గేర్‌బాక్స్ దించకుండా కింది మూత తీసి, కన్వర్టర్ బోల్టులు విప్పి, దాన్ని వెనక్కి నెట్టి ఇంజిన్ ఒక్కదాన్నే నడిపారు. వణుకు లేదు. కన్వర్టర్‌ను ఒక బోల్టు రంధ్రం మేర తిప్పి మళ్లీ బిగిస్తే వణుకు వచ్చింది, కానీ తీరు మారింది. అంటే అనుమానం కన్వర్టర్ మీదికే పోయింది. అప్పుడు గానీ గేర్‌బాక్స్ దించలేదు. కన్వర్టర్ పెంకు మీద మసి తుడిస్తే గోరంత చోట రెండు వెల్డింగు చుక్కలు బయటపడ్డాయి. అక్కడుండాల్సిన బ్యాలెన్స్ బిళ్ల లేదు. రెండేళ్ల కిందట వేరేచోట ఆయిల్ సీలు మార్చడానికి గేర్‌బాక్స్ దింపారు, అప్పుడే ఊడిందేమో. లోపలి టర్బైన్ కదలకుండా పట్టించి, మిషన్ మీద తిప్పి, కొత్త బిళ్ల అతికి, మళ్లీ తిప్పి చూశారు.

బిల్లు కొత్త ఆయిల్‌తో కలిపి 16,800. ఇప్పుడు 3,000 దగ్గర కూడా అద్దం కదలడం లేదు.

లోపాలు లేకపోలేదు. మూడు రోజులన్నది ఆరయింది, ఫోను ఎత్తరు. బిల్లు చిత్తుకాగితం మీద రాసిచ్చారు, అడిగి స్టాంపు వేయించుకున్నాను. ఉన్న ఒక్క స్టూలు మీదా బ్యాటరీ ఉంటుంది. ఏఎంటీ బండ్లు, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు యంత్రం మార్చేవి, తీసుకోరు, వాటిలో ఈ కన్వర్టరే ఉండదు. ఈ మధ్య వచ్చిన కొన్ని బండ్లలో కంప్యూటరే నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగాన్ని అడ్డుకుంటుంది, అలాంటివాటికి స్టాల్ పరీక్ష చేయనని మొహం మీదే చెప్పేస్తారు.

పొద్దున పది లోపు వెళ్లండి. గుమ్మంలో పడుకునే నల్ల కుక్కకు భయపడనక్కరలేదు, రేబిస్ టీకా నేనే వేసి వచ్చాను.