చెంప మీది స్టాంపు: మల్కాజిగిరిలో ఒక ఫోటో ఫ్రేముల దుకాణం

మల్కాజిగిరి రైల్వే స్టేషన్ నుంచి ఆనంద్‌బాగ్ వైపు వెళ్తుంటే ఒక పిండిమర కనిపిస్తుంది. దాని పక్క సందులో రెండో గదే ఈ దుకాణం. బోర్డు మీద పేరేమీ లేదు, "ఫోటో ఫ్రేములు, లామినేషన్, పాత ఫోటోలు బాగుచేయబడును" అని మాత్రమే రాసి ఉంటుంది. లోపల ఇద్దరే ఉంటారు: అరవై దాటిన పెద్దాయన, కంప్యూటర్ ముందు ఆయన కొడుకు. ఈ నెల మొదటి వారంలో అక్కడ పదకొండు ఫ్రేములు కట్టించాను. పదకొండూ యుద్ధాల్లోనో సరిహద్దు కాల్పుల్లోనో పోయిన మావాళ్ల ఫోటోలు. వాటిని పట్టుకొని ఒక ఆదివారం సాయంత్రం పదకొండు కుటుంబాల వాళ్లం, మాకు తోడు వచ్చిన మరో నలభై మంది, ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో కొవ్వొత్తులు వెలిగించి రెండు గంటలు మౌనంగా కూర్చున్నాము. ఇక యుద్ధం వద్దు అని చెప్పడానికే కూర్చున్నాము. ఇలాంటి ఫోటో పెట్టెలో దాచుకున్న ఇళ్లు ఈ నగరంలో చాలానే ఉన్నాయి కాబట్టి, దుకాణం గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా తమ్ముడు 1987 అక్టోబరులో జాఫ్నాలో పోయాడు. ఆ ఏడాది జూలై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మన సైన్యం అక్కడికి వెళ్లింది. ఆ దళానికి పెట్టిన పేరు శాంతి పరిరక్షక దళం. మూడు నెలలు తిరగకముందే అది యుద్ధంలో దిగింది. 1990 మార్చిలో ఆఖరి జట్టు తిరిగి వచ్చేసరికి సుమారు 1200 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా ఇంటికి ముందు తంతి వచ్చింది, తర్వాత అస్థికలు, ఆ తర్వాత ఒక నల్ల ట్రంకు పెట్టె. 1999లో కార్గిల్ నుంచి జెండా కప్పిన శవపేటికలు ఊళ్లకు వస్తుంటే మా అమ్మ టీవీ ముందు కూర్చుని, "ఈ తల్లులకు ముఖమైనా చూపించారు" అంది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. మరో పదేళ్లకు ఆమె కూడా పోయింది.

మాకు మిగిలింది ఒకే ఒక్క ఫోటో. పాస్‌పోర్టు సైజు, నలుపు తెలుపు, ఏదో దరఖాస్తుకు అంటించి ఊడదీసినది. దాని ఎడమ చెంప మీద రబ్బరు స్టాంపు ఊదారంగులో నెలవంకలా పడి ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా మేము తమ్ముణ్ణి ఆ స్టాంపుతోనే చూస్తున్నాము.

ఈ దుకాణానికి రాకముందు వేరే రెండు చోట్లకు వెళ్లాను. మొదటి స్టూడియోలో పది నిమిషాల్లో ఇచ్చేశారు. చూస్తే స్టాంపు పోయింది, దానితోపాటు తమ్ముడూ పోయాడు. చామనఛాయ మనిషిని తెల్లగా చేశారు, ముక్కు సన్నం చేశారు, అన్నిటికీ మించి నవ్వించారు. వాడు ఆ ఫోటోలో నవ్వలేదు. కంప్యూటరే అలా చేస్తుందమ్మా, ఇప్పుడు అందరూ ఇలాగే కోరుకుంటున్నారు అన్నారు. డబ్బులు ఇచ్చి వచ్చేశాను. రెండో చోటు ఫ్లెక్సీలు వేసేవాళ్లది. పదకొండు మంది ముఖాలూ ఒకే బ్యానర్ మీద వేయమంటే, వెనకాల యుద్ధ ట్యాంకులు, పైన విమానాలు, కింద మంటలు పెట్టి నమూనా చూపించారు. మాకు ఏ ట్యాంకులు వద్దో వాటి కిందే మా పిల్లలను నిలబెట్టారు. సైనికుడు అనగానే వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న బొమ్మ అదొక్కటే.

ఇక్కడ పెద్దాయన ఫోటోను చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద పెట్టమన్నారు. భూతద్దంతో చూసి మొదట అడిగిన ప్రశ్న: "ఈయనకు పుట్టుమచ్చలు ఏమైనా ఉన్నాయా టీచరమ్మా?" నేను అల్వాల్‌లో బడిపంతులమ్మగా పనిచేసి రిటైర్ అయ్యానని అప్పటికే మాటల్లో చెప్పాను. ఎడమ చెంప మీద, సరిగ్గా ఆ స్టాంపు పడ్డచోటే ఒక మచ్చ ఉండేది. ఫోటోలో అది సిరా కింద కనిపించదు. అడిగి ఉండకపోతే వాళ్లు దాన్ని మరకతోపాటు తుడిచేసేవారు, నేనూ గమనించేదాన్ని కాదేమో. ఇంత చిన్న సంగతి మరిచిపోయేదాన్నే అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కొడుకు నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్నాడు. ఎడమ చెంపను కొత్తగా కల్పించలేదు. కుడి చెంప చర్మాన్ని చూసుకుంటూ, కొంచెం కొంచెంగా, దాదాపు గంటన్నర సరిచేశాడు. "మచ్చ ఇంకాస్త కిందికా అమ్మా?" అని అడుగుతూ నేను చాలు అనేదాకా జరిపాడు. రంగులు వేయాలా అని అడిగి, వద్దంటే మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ముప్పై ఎనిమిదేళ్లకు మొదటిసారి తమ్ముడి రెండు చెంపలూ చూశాను. ఆ గదిలోనే ఏడ్చాను. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ఫ్యాను కొంచెం తగ్గించి, పిండిమర వైపు తలుపు మూసి వచ్చారు.

ఫ్రేముల విషయానికి వస్తే, నేను అద్దంతోనే చేయమన్నాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, ఈ ఫోటోలు ఎక్కడ పెడతారని అడిగారు. చీకటి పడ్డాక కొవ్వొత్తుల ముందు అన్నాను. "అలాగైతే అద్దం వద్దు. దీపం అద్దంలో పడుతుంది, ముఖం కనిపించదు" అన్నారు. మెరుపు లేని మ్యాట్ లామినేషన్, వెనక గట్టి అట్ట, చుట్టూ సన్నని ఫైబర్ బీడింగ్ పెడదామన్నారు. పట్టుకునేవాళ్ల వయసు ఎంతని అడిగారు. ఎక్కువమంది డెబ్బై దాటిన తల్లులే అన్నాను. టేకు బీడింగ్ నమూనా తీసి పక్కన పెట్టేశారు, వాళ్ల చేతులు మోయలేవని. ప్రతి ఫ్రేము వెనకా చెయ్యి దూర్చుకునేందుకు ఒక గుడ్డ పట్టీ కూడా బిగించారు. వానాకాలం కదా అని వెనక అంచులన్నీ టేపుతో మూశారు. వీటిలో ఒక్కటీ మేము అడిగినది కాదు.

మిగతా పది ఫోటోలు ఒక్కొక్కటీ ఒక్కో చిక్కు. కార్గిల్‌లో పోయిన అబ్బాయి ఫోటో పాత ఫ్రేములో తేమకు అద్దానికే అతుక్కుపోయింది. లాగితే ముఖం అద్దంతో వస్తుందని, అద్దంతో సహా స్కాన్ చేశారు. ఇటీవలి సంవత్సరాల పిల్లల ఫోటోలు ఫోన్లలోవి, వాట్సాప్‌లో చేతులు మారి మారి మసకబారినవి. వాటిని మళ్లీ ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించమని, మొదట తీసిన ఫోన్ ఎవరి దగ్గర ఉందో వెతకమని చెప్పారు. ఒక కోడలు పగిలిపోయిన పాత ఫోను తెచ్చింది. దాన్ని బాగుచేసే దుకాణం కూడా వాళ్లే చూపించారు.

ఒక విషయంలో నాకూ పెద్దాయనకూ మాట పట్టింపు వచ్చింది. సఫిల్‌గూడ నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకు ఫోటో చుట్టూ మూడు రంగుల అంచు కావాలంది. అన్నీ ఒకేలా ఉండాలని, అంచులు వద్దని నేను ముందే చెప్పి ఉన్నాను. ఆవిడకు నచ్చజెప్పమని పెద్దాయనను అడిగాను. ఆయన పని ఆపి, "టీచరమ్మా, ఆ ఫోటోలో ఉన్నది ఆవిడ కొడుకు" అన్నారు. నేను ఇంకేమీ అనలేకపోయాను. ఆ అంచుతోనే ఆ ఫోటో మా మధ్య కూర్చుంది. యుద్ధం వద్దు అన్న మాటకు దానివల్ల ఏ లోటూ రాలేదు. ఆవిడను ఆపబోయినందుకు తర్వాత ఆవిడ చేతులు పట్టుకొని క్షమించమని అడిగాను.

ఫోటోలతో కూర్చోవాలన్న ఆలోచన ఎలా వచ్చిందని ఆ అబ్బాయి అడిగితే, 2005 ఆగస్టులో పత్రికల్లో చదివిన సంగతి చెప్పాను. సిండీ షీహాన్ అనే అమెరికన్ తల్లి, టెక్సాస్‌లోని క్రాఫర్డ్‌లో అధ్యక్షుడు బుష్ సెలవులకు వచ్చే వ్యవసాయ క్షేత్రం బయట, రోడ్డు పక్కన మకాం వేసింది. నా కొడుకు ఎందుకు చనిపోయాడో చెప్పండి అన్నదే ఆమె అడిగింది. ఇరాక్ యుద్ధానికి సైనికుడిగా వెళ్లిన ఆమె కొడుకు కేసీ 2004 ఏప్రిల్ 4న బాగ్దాదులోని సదర్ సిటీలో చనిపోయాడు. వయసు 24. మా తమ్ముడి వయసూ అంతే, అందుకే ఆ వార్త నన్ను వదలలేదు. బిడ్డలను పోగొట్టుకున్న ఇతర కుటుంబాలూ ఆమెతో చేరాయి. ఆ ఆగస్టు 17న ఆమెకు మద్దతుగా అమెరికాలో ఊరూరా కొవ్వొత్తులు వెలిగించారు. దానికి రెండు రోజుల ముందే, చనిపోయినవారి గుర్తుగా రోడ్డు పక్కన నాటిన శిలువల మీదుగా ఒకరు ట్రక్కు నడిపించారు. ఇది విని పెద్దాయన ఏమీ అనలేదు. ఫ్రేములు తెచ్చుకున్న రోజు ఒక గోధుమరంగు కవరు ఇచ్చారు. అందులో పదకొండు ఫోటోలకూ రెండో ప్రతి ఉంది. "ఏదైనా జరిగితే మళ్లీ మొదటినుంచీ చేయనవసరం లేదు" అన్నారు. దానికి డబ్బు తీసుకోలేదు.

లోపాలూ చెప్పాలి. గురువారం ఇస్తామన్నవి శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఇచ్చారు. ఫోను ఎత్తరు, పని ఏమైందో తెలుసుకోవాలంటే స్వయంగా వెళ్లాల్సిందే. కూర్చోవడానికి ఒకే కుర్చీ ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు, ఫోటో కింద పేరు పట్టీలో తమ్ముడు పుట్టిన సంవత్సరం 1963కు బదులు 1968 అని వేశారు. ఇరవై నాలుగేళ్లవాడు పందొమ్మిదేళ్లవాడైపోయాడు. ఇంటికి తెచ్చాక చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు పొద్దున్నే మార్చి ఇచ్చారు. కొడుకును ఏమీ అనకుండా తప్పు నాదే అని పెద్దాయన ఒప్పుకున్నారు. అయినా మీరు చేయించుకుంటే, అచ్చు వేయకముందే ప్రతి అక్షరం, ప్రతి అంకె చదవండి. ఫోటో బాగుచేసినందుకు రూ. 600, 10x12 ఫ్రేముకు రూ. 450 తీసుకున్నారు. బాగుచేయనక్కరలేని వాటికి ఫ్రేము డబ్బులే.

ఆ ఆదివారం ఆరున్నరకు సన్నగా వాన మొదలైంది. పేపరు కప్పులకు చిల్లులు పెట్టి కొవ్వొత్తులు గుచ్చుకున్నాము కాబట్టి చాలావరకు ఆరలేదు. మ్యాట్ లామినేషన్ మీద పడ్డ చినుకులను కొంగుతో తుడుచుకుంటే సరిపోయింది. చీకటి పడ్డాక నేను రోడ్డు అవతలికి వెళ్లి ఒకసారి చూశాను. పదకొండు ముఖాలూ స్పష్టంగా కనిపించాయి, ఒక్కదాని మీదా వెలుగు మెరవలేదు. దారిన పోయే ఒకాయన బండి ఆపి, మీరు సైన్యానికి వ్యతిరేకమా అని గట్టిగా అడిగాడు. ఎవరం జవాబు చెప్పలేదు, ఎనభై ఏళ్ల ఒక తండ్రి తన ఫ్రేమును ఆయన వైపు తిప్పి పట్టుకున్నారు. ఆయన కాసేపు చూశాడు. పట్టీ మీది సంవత్సరాలు చదివినట్టున్నాడు. బండి పక్కకు పెట్టి వచ్చి, చివరిదాకా మా వెనక నిలబడ్డాడు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు అమ్మాయి గాలికి ఆరిన కొవ్వొత్తులను మళ్లీ మళ్లీ వెలిగించింది.

రెండు ఫ్రేముల మీద మైనం కారింది. ఐసు ముక్కను గుడ్డలో చుట్టి కాసేపు అద్ది, మైనం గట్టిపడ్డాక గోటితో లేపమన్నారు పెద్దాయన. గీత పడకుండా వచ్చేసింది.

ఆ సాయంత్రం మాతో కూర్చోవడానికి మనసు రాక రోడ్డు అవతలే నిలబడిపోయిన ఒకాయన నిన్న ఫోను చేశారు. తిరుమలగిరిలో ఉంటారు. కొడుకు ఫోటో గుర్తింపు కార్డులోది ఒక్కటే ఉందట, ప్లాస్టిక్ కింద సగం పొర లేచిపోయిందట. దుకాణం ఆదివారం ఉండదు. సోమవారం పదకొండింటికి ఇద్దరం వెళ్తున్నాము. కార్డును జేబులో పెట్టుకోవద్దు, పుస్తకంలో పెట్టి తెమ్మని చెప్పాను.